కోన్ సెట్ కింద గ్రీజు కారుతోందా? ముందు గుడ్డ పట్టుకోండి, పానా తర్వాత

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ 350 సీసీ బండికి పది రోజుల కిందట కోన్ సెట్, అంటే హ్యాండిల్‌ను తిరగనిచ్చే బేరింగులు మార్పించారు. పాత బాల్ సెట్ (గోళీల రకం) తీయించి టేపర్ రోలర్ బేరింగులు వేయించారు. 400 కిలోమీటర్లు తిరిగారు. ఇప్పుడు హెడ్ పైపు (ఆ బేరింగులు కూర్చునే ఫ్రేము ముందు పైపు) అడుగున, ఫోర్క్ టీ (రెండు ఫోర్కులనూ కలిపి పట్టుకునే దిమ్మ) మీద, గోధుమరంగు గ్రీజు ఉంగరంలా బయటికి వస్తోంది. మధ్యాహ్నం ఎండలో పెడితే సాయంత్రానికి మడ్‌గార్డ్ మీద రెండు మూడు చుక్కలు పడుతున్నాయి. ఒకాయన హ్యాండిల్ నట్టు ఇంకాస్త బిగించమన్నాడు. ఇంకొకాయన మొత్తం విప్పి గ్రీజు తగ్గించి మళ్లీ వేయాలన్నాడు. అది డిస్క్ మీద పడితే బ్రేకు పట్టదేమోనని మీ టెన్షన్. పాత సామాను డబ్బాలో పెట్టి ఇచ్చారు, దాన్ని ఏం చేసుకోవాలని కూడా అడిగారు.

విప్పొద్దు. ఆ నట్టు జోలికి అసలే వెళ్లొద్దు. ఒక పాత బనియన్ గుడ్డ తీసుకుని తుడవండి, రెండు రోజులాగి మళ్లీ చూడండి. ఇదే మాటతో నా దగ్గరికి వచ్చిన బళ్లలో ఎక్కువ వాటికి వైద్యం ఇంతే. కాకపోతే తుడిచే ముందు ఆ కారేదాన్ని వేలితో తీసి అదేమిటో చూడాలి. గ్రీజు కారడం పెద్ద జబ్బు కాదు, గ్రీజు అనుకుని ఇంకోదాన్ని వదిలేయడం జబ్బు. విజయవాడ ఆటోనగర్‌లో 26 ఏళ్లుగా ఇదే పని నాది. గ్రీజు అతిగా కూరడం, కారేది ఏమిటో చూడకుండా పంపేయడం, ఈ రెండు తప్పులూ నేనూ చేశాను.

గ్రీజు అంటే చిక్కటి నూనె అని మనం అనుకుంటాం. నిజానికి అది సబ్బూ నూనే కలిపిన ముద్ద. లిథియం సబ్బో కాల్షియం సబ్బో స్పాంజిలా ఉంటుంది, నూనె దాన్ని పట్టుకుని ఉంటుంది. బరువులో ఎక్కువ భాగం నూనే. బేరింగుకు పనికొచ్చేది ఆ నూనె, దాన్ని జారిపోకుండా అక్కడే ఆపడం సబ్బు పని. కొత్తగా దట్టంగా పెట్టిన గ్రీజు ఎండకు కాస్త నూనె వదులుతుంది, ఆవకాయ జాడీలో నూనె పైకి తేలినట్టు. షాపులో చాలాకాలం కదపకుండా ఉంచిన గ్రీజు డబ్బా మూత తీస్తే మీద పల్చటి నూనె నిలిచి ఉంటుంది చూడండి, అదే ఇది. అలాంటి డబ్బాను పుల్లతో బాగా కలిపి వాడుకోవాలి. పైన తేలిన నూనె వంపేసి వాడితే మిగిలేది ఉత్త సబ్బు ముద్ద.

గ్రీజు కరిగిపోయి కారుతోందని మాత్రం అనుకోవద్దు. మామూలు లిథియం గ్రీజు బొట్టుగా జారాలంటే 180 డిగ్రీల పైన వేడి కావాలి. మా విజయవాడలో మే నెల 45 డిగ్రీల ఎండలో నల్లరంగు బండి ట్యాంకు మీద చెయ్యి పెట్టలేం, అయినా ఆ వేడి ఇందులో సగానికి కూడా రాదు. వేడికి ముద్ద కొంచెం మెత్తబడుతుంది, నూనె కొంచెం ఊరుతుంది, ఎక్కువైనది సందు చూసుకుని బయటికి వస్తుంది. అంతే జరిగేది.

మరి బాల్ సెట్ ఉన్నప్పుడు రానిది ఇప్పుడే ఎందుకు వచ్చిందంటారా? టేపర్ రోలర్ ఆకారమే దానికి కారణం. గోళీకి అన్ని వైపులా ఒకటే కొలత. టేపర్ రోలర్‌కు ఒక కొస సన్నం, ఒక కొస లావు. ఇలాంటి బేరింగు కదిలినప్పుడల్లా గ్రీజును సన్నకొస నుంచి లావుకొస వైపు తోస్తుంది. హెడ్ పైపులో వీటిని ఎలా పెడతారో గుర్తు తెచ్చుకోండి. కింది బేరింగు లావుకొస కిందికి, పై బేరింగు లావుకొస పైకి. అంటే రెండూ లోపల ఉన్నదాన్ని బయటికే నెడతాయి. పైన వచ్చింది మూత కింద దాక్కుంటుంది కాబట్టి మీకు కనపడదు. కింద వచ్చింది టీ మీదకు దిగుతుంది. మీరు చూస్తున్న ఉంగరం అదే. ఎక్కువైనదంతా బయటికి వచ్చేశాక దానంతట అదే ఆగుతుంది. నేను చూసినంతలో 500 నుంచి 1,000 కిలోమీటర్ల లోపు ఆగాలి. ఎండాకాలంలో కొంచెం ఎక్కువే పట్టొచ్చు.

గ్రీజు తగ్గించి వేయాలన్న ఆయన మాట వీల్ బేరింగు విషయంలో నిజం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ముందు చక్రం నిమిషానికి దాదాపు 500 సార్లు తిరుగుతుంది. అక్కడ గ్రీజు కూరేస్తే అది చిలికినట్టయి వేడెక్కుతుంది. అందుకే అక్కడ ఖాళీ వదలాలి. హ్యాండిల్ బేరింగు ఎంత తిరుగుతుంది? మహా అయితే అటు 40 డిగ్రీలు, ఇటు 40 డిగ్రీలు. హైవే మీదైతే అదీ లేదు, గంటల తరబడి ఒకే చోట నిలబడి ప్రతి గుంత దెబ్బా తింటుంది. దానికి వేడితో పేచీ లేదు. నీళ్లతో, తుప్పుతో, ఒకే చోట పడే దెబ్బతోనే పేచీ. ఇక్కడ బేరింగులో ఖాళీ ఉంటే ఆ ఖాళీలోకి నీళ్లు చేరతాయి. అందుకని హ్యాండిల్ బేరింగు రోలర్ల మధ్య సందు లేకుండా గ్రీజు నింపడమే సరైన పద్ధతి. మీ మెకానిక్ ఎక్కువ పెట్టాడంటే తక్కువ పెట్టినవాడికంటే మంచిపని చేశాడనే అర్థం.

నింపాల్సింది బేరింగును, పైపును కాదు. ఇక్కడే నేను బోల్తా పడ్డాను.

పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక పెద్దాయన బండికి కోన్ సెట్ వేయమని మేస్త్రి నాకే అప్పగించాడు. మొదటిసారి ఒంటరిగా చేస్తున్నాను, ఆయన మెచ్చుకోవాలి. గ్రీజు ఎంతుంటే అంత మంచిదని రెండు బేరింగుల మధ్య ఉన్న హెడ్ పైపు మొత్తం గుప్పిళ్లతో నింపేశాను, అరకిలో డబ్బాలో సగం దానికే పోయింది. వేసింది ఏప్రిల్‌లో. మే నెలలో పెద్దాయన తిరిగొచ్చాడు. తెల్ల పంచె, మోకాలి దగ్గర నుంచి కింది దాకా గోధుమరంగు చారలు. కారిన నూనె గాలికి వెనక్కి కొట్టి, హారన్ మీద పడి, అక్కడి నుంచి ఇంజిన్ మీదికీ ఆయన మీదికీ వచ్చింది. మేస్త్రి ఏమీ అనలేదు. టీ మొత్తం దింపించి, పైపు లోపలి గ్రీజు నాచేతే చెంచాతో తోడించి, ఒక కాగితం మీద పోగు వేయించాడు. ఆ పోగును చూపించి, ‘రెండు బేరింగులకూ కలిపి ఒక నిమ్మకాయంత చాలురా’ అన్నాడు. ఇప్పటికీ నా కొలత అదే. రోలర్ల మధ్య నిండాక, రోలర్లు కూర్చునే కప్పులకు లోపల పూత పూశాక, తుప్పు పట్టకుండా స్టెమ్ రాడ్డుకు (హెడ్ పైపు లోపల తిరిగే రాడ్డు) పల్చగా రాస్తాను. పైపు ఖాళీగానే ఉంటుంది.

మీ బండికి పైపు నిండా పెట్టారో లేదో బయటినుంచి తెలుసుకోవడం కష్టం. గ్రీజు 1,000 కిలోమీటర్లు దాటినా ఆగకుండా, ఎండ పెరిగేకొద్దీ ఎక్కువవుతుంటే అనుమానించాలి. అప్పుడైనా అది చిరాకే తప్ప ప్రమాదం కాదు. తర్వాత ఎప్పుడు టీ దింపినా తోడేస్తే సరి.

ఇప్పుడు అసలు పని. కారేది గ్రీజేనా?

చూపుడువేలితో ఆ ఉంగరం దగ్గర కొంచెం తీయండి. బొటనవేలితో కలిపి రుద్ది మెల్లగా విడదీయండి. గ్రీజైతే వేళ్ల మధ్య చిన్న చిన్న తీగల్లా సాగి తెగుతుంది, వెన్నలా మెత్తగా ఉంటుంది. పల్చగా నీళ్లలా జారిపోతుంటే అది గ్రీజు కాకపోవచ్చు. అప్పుడు ఒక గ్లాసులో నీళ్లు తీసుకుని ఆ వేలు ముంచండి. నూనె అయితే మీద తెట్టులా తేలుతుంది. నీళ్లలో కలిసి మాయమైపోతే అది బ్రేక్ ఆయిల్, బండి తీయకండి. మన బళ్లలో పోసే డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిళ్లు రెండూ నీళ్లలో కలిసిపోయే రకమే.

ఇది ఊరికే చెప్పడం లేదు. కొన్నేళ్ల కిందట ఒక కుర్రాడు అచ్చం మీలాగే ‘కోన్ సెట్ గ్రీజు కారుతోందన్నా’ అంటూ వచ్చాడు. ఎవరో అంతకుముందు వారమే సెట్ మార్చారు. నేనూ పెద్దగా చూడకుండా ‘కొత్తది కదా, వారంలో ఆగిపోద్దిలే’ అని పంపేశాను. నాలుగు రోజులకు బ్రేకు లివర్ హ్యాండిల్‌కు ఆనుతోందని మళ్లీ వచ్చాడు. టీ దింపినప్పుడు బ్రేక్ గొట్టాన్ని తిరిగి బిగించడంలో దారి తప్పించారు. హ్యాండిల్ కుడివైపు పూర్తిగా తిప్పినప్పుడల్లా గొట్టం టీకీ ఫ్రేముకీ మధ్య నలిగి, సన్నగా చిట్లి, ఆయిల్ టీ మీదుగా దిగుతోంది. కొత్త గ్రీజుతో కలిసి మురికి రంగులో ఉండటంతో గ్రీజులాగే కనిపించింది. టీ మీద పెయింట్ బుడగల్లా లేచి ఉంది. బ్రేక్ ఆయిల్ తగిలితే పెయింట్ అలాగే లేస్తుంది. ఆ గుర్తు మొదటిరోజే నా కళ్లముందు ఉంది. అప్పటినుంచి గ్లాసు నీళ్లు లేకుండా ఎవరికీ సలహా చెప్పను. మీరూ హ్యాండిల్ అటు చివరిదాకా ఇటు చివరిదాకా తిప్పి, బ్రేక్ గొట్టం, క్లచ్ కేబుల్, వైర్ల కట్ట ఎక్కడైనా నలుగుతున్నాయా లాగుతున్నాయా చూడండి. హ్యాండిల్ బేరింగు పని జరిగిన ప్రతి బండికీ ఈ చూపు తప్పనిసరి.

కారడానికి అక్కడ ఇంకో రెండు మూలాలున్నాయి. ఒకటి క్లచ్ కేబుల్. గట్టిగా ఉందని లివర్ దగ్గర ఇంజిన్ ఆయిల్ చుక్కలు వేస్తుంటారు. అది కేబుల్ వెంబడి లోపలికి పోవాల్సింది పోయి పైనుంచి దిగి, హెడ్ పైపు పక్కన కేబుల్ వంగే చోట బొట్లు కడుతుంది. కేబుల్‌ను పైనుంచి కిందికి గుడ్డతో తుడిస్తే తెలిసిపోతుంది. రెండోది ఫోర్క్ ఆయిల్. అది కారే చోటు వేరు, టీకి చాలా కిందన, మెరిసే పైపు కింది గొట్టంలోకి దూరే దగ్గర. బండిని రెండుసార్లు కిందికి నొక్కి చూడండి. మెరిసే పైపు మీద తడి గీత గుండ్రంగా కనిపిస్తే ఫోర్క్ ఆయిల్ సీలు పోయింది. దాన్ని మాత్రం వాయిదా వేయకండి. డిస్కును తడిపేది ఎక్కువగా అదే, హ్యాండిల్ గ్రీజు కాదు.

గ్రీజే అని తేలాక రంగు చూడండి. పెట్టిన రంగులోనే, లేదా రోడ్డు దుమ్ముకు కాస్త నల్లబడి వస్తుంటే దిగుల్లేదు. పాలు ఎక్కువైన కాఫీ రంగులో వస్తే నీళ్లు చేరాయి. ఇటుకపొడి కలిసినట్టు ఎర్రగా వస్తే లోపల తుప్పు మొదలైంది. పది రోజుల కిందటి బేరింగులకు తుప్పు రావడం మామూలుగా జరగదు, కాబట్టి ఎర్రరంగు కనిపిస్తే కప్పులు పాతవే ఉంచేసి పని కానిచ్చారేమో అడగండి. టేపర్ బేరింగుకు దాని కప్పు దానికే ఉంటుంది, పాత కప్పులో కొత్తది కూర్చోబెట్టే లెక్కే లేదు.

గ్రీజు మరీ పల్చగా, పెరుగు మీద తేటలా వస్తుంటే నాకు మొదట అనుమానం వచ్చేది కిరసనాయిలు మీదే. పాత గ్రీజు కడగడానికి షాపుల్లో కిరసనాయిలో డీజిలో వాడతారు. కడిగాక గాలి కొట్టి పూర్తిగా ఆరబెట్టకుండా కొత్త గ్రీజు పెట్టేస్తే, మిగిలిన కిరసనాయిలు గ్రీజును లోపలే పల్చబరుస్తుంది. కొత్త బేరింగుకు కూడా కంపెనీ పూసిన నూనె పోవాలని కిరసనాయిల్లో ముంచేవాళ్లున్నారు. ముంచక్కర్లేదు, గుడ్డతో తుడిచి గ్రీజు పెడితే చాలు. ఇంకో కారణం రెండు రకాల గ్రీజు కలవడం. లిథియం గ్రీజు ఉన్నచోట బంకమట్టి రకమో పాలీయూరియా రకమో కలిపితే రెండూ పొసగక మెత్తబడి జారతాయి. రంగు చూసి రకం చెప్పలేం. ఎర్ర గ్రీజు, నీలి గ్రీజు అనేవి కంపెనీ కలిపిన రంగులే. అందుకే పైన పైన పూయడం కాకుండా పాతది పూర్తిగా తీసేసి ఒకే రకం పెట్టుకోవాలి.

ఏ గ్రీజు మంచిదని ఎలాగూ అడుగుతారు కాబట్టి చెప్పేస్తున్నాను. డబ్బా మీద లిథియం లేదా లిథియం కాంప్లెక్స్ అని, ఎన్‌ఎల్‌జీఐ 2 అని ఉంటే చాలు. ఆ అంకె గ్రీజు ఎంత గట్టిగా ఉందో చెప్తుంది, నాణ్యతను కాదు. 2 అంటే వెన్నలా, 3 అంటే ఇంకొంచెం గట్టిగా. మా ఎండలకు కొందరు 3 వాడతారు, నాకు అభ్యంతరం లేదు. 1 కంటే తక్కువైతే మాత్రం ఇక్కడ నిలవదు. సముద్రం పక్కన, కాకినాడ, విశాఖ లాంటి చోట్ల తిరిగే బండికి నీళ్లకు తట్టుకునే కాల్షియం సల్ఫొనేట్ రకం దొరికితే ఇంకా మంచిది. గ్రీజులో మాలిబ్డినం నల్లగా మెరుస్తుంటే ఖరీదైనదని మురిసిపోతారు కానీ ఈ బేరింగుకు దాని అవసరం నాకెప్పుడూ కనపడలేదు.

ఇక నట్టు బిగించమన్న సలహా. ఇది అన్నిటికంటే చెడ్డది. గ్రీజును ఆపేది నట్టు కాదు, బేరింగు అంచున ఉండే రబ్బరు డస్ట్ సీలు. నట్టు పని బేరింగు మీద ఎంత ఒత్తిడి ఉండాలో చూడటం. కారుతోందని ఇంకో పావు చుట్టు బిగిస్తే కారడం ఆగదు సరికదా, ముందు ఇంకో రవ్వ బయటికి వస్తుంది. తర్వాత బండి నెమ్మదిగా పోయేటప్పుడు తాగినవాడిలా అటూ ఇటూ ఊగుతుంది, ఎందుకంటే హ్యాండిల్ తనంతట తాను సర్దుకోలేదు, ప్రతిసారీ మీరు లాగి సరిచేయాలి. మరీ బిగిస్తే రోలర్లు కప్పుల్లో నిలువు గాట్లు వేస్తాయి. హ్యాండిల్ తిప్పుతుంటే నడుమ ‘టక్’మని ఒకచోట కూర్చుంటుందే, ఆ గాడి అలా వచ్చేదే. కొత్త సెట్ డబ్బులు మళ్లీ మొదటికొస్తాయి.

అయితే బిగువు సరిగ్గా ఉందో లేదో మీరు చూడాల్సిన మాట నిజమే, గ్రీజుతో సంబంధం లేకుండా. కొత్త కప్పులు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో ఇంకాస్త లోపలికి కూర్చుంటాయి, మిగులు గ్రీజు పోతుంది, బిగువు తగ్గుతుంది. మీ 400 కిలోమీటర్లు సరిగ్గా ఆ సమయమే. సెంటర్ స్టాండ్ వేసి, వెనకాల ఒకరిని కిందికి నొక్కమని ముందు చక్రం నేల మీంచి లేచేలా చూడండి. సెంటర్ స్టాండ్ లేకపోతే ఇంజిన్ కింద చెక్క పెట్టి జాకీతో ఎత్తండి, సైలెన్సర్ పైపు మీద కాదు. హ్యాండిల్ నిటారుగా పెట్టి వేలితో చిన్నగా తోయండి. తనంతట తానే నెమ్మదిగా చివరిదాకా వాలిపోవాలి. రెండోవైపూ అలాగే. మధ్యలో ఆగితే బిగువు ఎక్కువ. వాలి స్టాపర్‌కు దడాలున కొట్టుకుంటే తక్కువ. కొన్ని బళ్లలో బ్రేక్ గొట్టమో వైర్ల కట్టో ఒకవైపు అడ్డుపడి వాలనివ్వదు, అది బేరింగు తప్పు కాదు.

తర్వాత నేలమీద కూర్చుని రెండు ఫోర్కుల కింది కొసలు పట్టుకుని ముందుకూ వెనక్కీ ఊపండి. ఇంకొకరి వేలు హెడ్ పైపుకూ టీకీ మధ్య సందులో ఆనించి ఉంచమనండి. లూజు ఉంటే ఆ వేలికి చిన్న కదలిక తగులుతుంది. వేలికి ఏమీ తగలకుండా కిందెక్కడో ‘టిక్ టిక్’ అంటుంటే అది ఫోర్క్ బుష్ లూజు, హ్యాండిల్ నట్టు ఎంత తిప్పినా పోదు. ఈ ఒక్క తేడా తెలియక కొత్త బేరింగులు మార్చుకున్న బళ్లను చాలానే చూశాను.

లూజు ఉందని తేలితే వేసిన మెకానిక్ దగ్గరికే వెళ్లండి. పది నిమిషాల పని. పై నట్టు, ఫోర్కును పట్టుకునే క్లాంపు బోల్టులు వదులు చేసి, సి పానాతో (కొక్కెంలా వంగిన పానా) దాని కింది నట్టును చుట్టులో ఎనిమిదో వంతు తిప్పి, మళ్లీ పై నట్టు బిగించి, మళ్లీ వాల్చి చూడాలి. పై నట్టు బిగించేసరికి బిగువు ఇంకొంచెం పెరుగుతుంది కాబట్టి చివరి పరీక్ష అది బిగించాకే. సుత్తీ ఉలీ పెట్టి ఆ నట్టును కొట్టేవాళ్లకు బండి ఇవ్వకండి. ఎంత టార్క్ పెట్టాలన్నది మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది, ఒక బండి అంకె ఇంకో బండికి పనికిరాదు.

డిస్కు గురించి. హెడ్ పైపు నుంచి కారింది ముందు టీ మీద, తర్వాత మడ్‌గార్డ్ మీద పడుతుంది. బండి పోతుంటే గాలి దాన్ని వెనక్కి, హారన్ వైపూ ఇంజిన్ వైపూ కొడుతుంది. డిస్కు పక్కకూ కిందకూ ఉంటుంది కాబట్టి నేరుగా పడటం అరుదు. కానీ తుడిచేటప్పుడు చెయ్యి జారి డిస్కుకు అంటించేది మాత్రం మనమే. అందుకే తుడిచే ముందు డిస్కు మీద పాత ప్లాస్టిక్ సంచి కప్పండి. ఒకవేళ అంటిందా, బ్రేక్ క్లీనర్ గానీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ శుభ్రమైన గుడ్డకు పట్టించి రెండువైపులా తుడవండి, గుడ్డకు మరక అంటనంతవరకూ. పెట్రోలు వద్దు, జిడ్డు పొర మిగులుస్తుంది. ప్యాడ్లకు గ్రీజు ఇంకితే గరుకు కాగితంతో రుద్దడం, పొయ్యి మీద కాల్చడం లాంటి చిట్కాలు నేను నమ్మను. కొత్త ప్యాడ్లు వేయించండి. తుడిచాక ఖాళీ రోడ్డులో నెమ్మదిగా నాలుగుసార్లు బ్రేకు పట్టి చూశాకే ట్రాఫిక్‌లోకి వెళ్లండి. టైరు మీద చుక్క పడితే సబ్బునీళ్లతో కడగండి, తుడిచి వదిలేయకండి.

తుడిచే పద్ధతి ఒక మాట. హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పి, ఐస్‌క్రీమ్ పుల్లతో ఆ ఉంగరాన్ని గీకి తీయండి. కుడికి తిప్పి మళ్లీ. అలా అటూ ఇటూ పదిసార్లు తిప్పితే లోపల సిద్ధంగా ఉన్న మిగులు బయటికి వస్తుంది, దాన్నీ తీసేయండి. చివరగా బ్రేక్ గొట్టాన్ని, వైర్ల తొడుగును గుడ్డతో తుడవండి. గ్రీజులో ఉండే పెట్రోలియం నూనె కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది. పూర్తిగా మెరిసేలా తుడవక్కర్లేదు. దారం మందాన గీతలా గ్రీజు మిగిలితే వానాకాలంలో అదే నీళ్లకు అడ్డుకట్ట. దానికి దుమ్ము అంటుకుంటుందనే మాట నిజమే, కానీ సీలు బయట ఉన్న దుమ్ము కంటే సీలు లోపలికి పోయిన నీళ్లు చేసే చెరుపే ఎక్కువ. స్ప్రే డబ్బా తెచ్చి ఆ సందులోకి కొట్టడం మాత్రం చేయకండి. బయటి జిడ్డు పోతుంది, దానితోపాటు లోపలి గ్రీజూ పోతుంది.

వాటర్ సర్వీసింగ్‌కు ఇచ్చేటప్పుడు పక్కనే నిలబడండి. ప్రెషర్ గన్ను హెడ్ పైపు కింద పెట్టి కొడితే సీలును దాటుకుని నీళ్లు లోపలికి పోతాయి. గ్రీజు కనిపిస్తే కుర్రాళ్లు సరిగ్గా అక్కడే ఎక్కువసేపు కొడతారు, మురికి అనుకుని. మొదట డీజిల్ స్ప్రే చేసి తర్వాత నీళ్లు కొట్టే అలవాటు ఇంకా దారుణం. రెండు మూడు సర్వీసింగ్‌లకే కొత్త బేరింగు ఎండిపోతుంది. ‘అక్కడ గుడ్డతో తుడిస్తే చాలు బాబూ’ అని ముందే చెప్పండి.

ఇంకో సలహా కూడా మీకు ఎవరో ఒకరు ఇస్తారు. హెడ్ పైపుకు కన్నం వేసి గ్రీజు నిప్పుల్ పెట్టించుకుంటే గన్నుతో కొట్టుకోవచ్చని. వద్దు. బండి బరువూ బ్రేకు దెబ్బా మోసేది ఆ పైపే, దానికి కన్నం వేయించడం నాకు ఇష్టం లేదు. పైగా గన్నుతో కొట్టిన గ్రీజు ముందు ఆ పైపు మొత్తం నిండితే గానీ బేరింగు దాకా పోదు. అప్పుడు నా పెద్దాయన పంచె కథ మీ ఇంట్లో మొదలవుతుంది.

చివరిగా ఆ పాత సామాను డబ్బా. పారేయకండి, ఇవాళే తెరవండి. అందులో మొదట చూడాల్సింది గుండ్రటి నల్ల రబ్బరు సీలు, దానితోపాటు పల్చటి రేకు వాషర్. కింది బేరింగుకూ టీకీ మధ్య ఉండేవి అవి. చాలా టేపర్ సెట్లతో కొత్త సీలు వస్తుంది, కొన్నిటితో రాదు. వచ్చినా టేపర్ బేరింగు ఎత్తు పాత బాల్ సెట్ ఎత్తుతో సమానంగా ఉండదు కాబట్టి సీలు సరిగ్గా ఆనకపోవచ్చు. డబ్బాలో పాత సీలు ఉంటే టార్చి వేసి టీ మీద చూడండి. బేరింగు అంచు చుట్టూ నల్ల రబ్బరు పెదవి కనిపిస్తోందా, లేక నేరుగా మెరిసే ఇనుమూ గ్రీజూ కనిపిస్తున్నాయా? పెదవి ఉంటే నిశ్చింతగా తుడుచుకుంటూ ఉండండి. లేకపోతే సీలు వేయలేదన్నమాట. కారే గ్రీజు రంగూ చిక్కదనమూ బాగుంటే మీరు మళ్లీ టీ దింపించాల్సిన సందర్భం అదొక్కటే, అదీ వానలు మొదలయ్యేలోపు. సీలు లేదని మెకానిక్‌తో గొడవ పెట్టుకోకుండా డబ్బా తీసుకెళ్లి చూపించండి, ఎవరికైనా అర్థమవుతుంది.

గోళీలు మీ ఇష్టం. పాత కప్పులు రెండూ మాత్రం తుడిచి, నూనె రాసి దాచుకోండి. మళ్లీ ఎప్పుడైనా కొత్త కప్పును హెడ్ పైపులోకి సమంగా దించాలంటే దాని మీద పాత కప్పు బోర్లించి కొట్టడం కంటే మంచి సాధనం లేదు. ముందుగా దాని బయటి అంచును గ్రైండర్ మీద ఒక రవ్వ అరగదీయించి పెట్టుకుంటే అది పైపులో ఇరుక్కోకుండా తిరిగి బయటికి వస్తుంది. ఏ బండి కొలతదో తెలిసేలా డబ్బా మీద బండి పేరు రాసి పెట్టుకోండి. నా షాపులో గోడకు మేకుకు వేలాడే కప్పులు ముప్పై దాకా ఉన్నాయి.